జుమియాతి విప్పిన హెల్మెట్లు

మా మాగెలాంగ్‌లో వాన పడితే బాగుపడేది ఇద్దరే. వేడి అల్లం నీళ్ళు అమ్మేవాళ్ళు ఒకరు, హెల్మెట్లు కడిగేవాళ్ళు ఇంకొకరు. మధ్యాహ్నం మూడు దాటగానే సుంబింగ్ కొండ మీంచి మబ్బు దిగుతుంది. నాలుగింటికల్లా ఊరంతా తడిసి ముద్దవుతుంది. తడిసిన హెల్మెట్‌ని రెండు రోజులు మూల పడేశారంటే మూడో రోజు దాని యజమానికే అందులో తల పెట్టబుద్ధి కాదు. అప్పుడు అందరికీ జుమియాతి గుర్తొస్తుంది.

బజారు వెనక సందులో, టైర్ల కొట్టుకీ సోయా ముక్కలు వేయించే బండికీ మధ్య ఆమె దుకాణం. హెల్మెట్ చేతికిస్తే చాలు, అద్దం ఊడదీసి, లోపలి మెత్తలన్నీ పీకి, షాంపూ నీళ్ళలో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, మిషన్లో పిండి, వేడిగాలి పెట్టెలో ఆరబెట్టి తిరిగి బిగించి ఇస్తుంది. పని చేస్తూ తిడుతుంది కూడా. "ఇందులో తల పెట్టుకున్నావా, చేపలు మోశావా?" అని అడిగించుకోని మగవాడు మా ఊళ్ళో లేడు. తిట్లు తిని మరీ ఆమె దగ్గరికే వస్తారు. కడిగినదానికంటే కుట్టినదానికి వస్తారని నా అనుమానం.

పెళ్ళికి ముందూ, మొగుడు వదిలేసి పోయాకా కలిపి పన్నెండేళ్ళు ఆమె ఉంగారాన్‌లో చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టింది. ఫ్యాక్టరీ మూతపడిన రోజు అందరూ గేటు దగ్గర ఏడుస్తుంటే ఈమె లోపలికెళ్ళి ఒక పెద్ద ఆకుపచ్చ దారం ఉండ సంచిలో వేసుకుని వచ్చేసింది. ఇప్పటికీ అది అయిపోలేదు. చిరిగిన మెత్త కనబడితే ఆమె చెయ్యి ఊరుకోదు. మెత్త నల్లదైనా ఎర్రదైనా దారం ఆకుపచ్చే. కుట్టు మెత్త వెనకవైపు, ఎవరికీ కనబడదు, చివర రెండు ముడులు. ఎవరు చూస్తారని ఇంత శ్రమ అంటే, "నేను చూస్తాను" అంటుంది. నలభై ఏడేళ్ళ మనిషి, పొట్టిగా ఉంటుంది, బొటనవేళ్ళు మాత్రం మగవాళ్ళవంత.

ఇక ఫోరం సంగతి. మా చుట్టుపక్కల మోటారుసైకిళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళంతా ఒక ఇంటర్నెట్ ఫోరంలో చేరారు, పేరు సుంబింగ్ దారి సంఘం. అందులో ఇరవై ఏళ్ళ కుర్రాడైనా అరవై ఏళ్ళ ముసలాయనైనా అందరూ అందరికీ బాబాయే. సంఘానికి నియమాలున్నాయి. మొదటిది, దారిలో ఎవరైనా బండి తోసుకుంటూ కనబడితే ఆగి చెయ్యి వెయ్యకుండా పోకూడదు. దీన్ని వాళ్ళు ప్రాణంగా పాటిస్తారు, అది ఒప్పుకోవాలి. మూడోది, అమ్మకానికి పెట్టిన సరుకు మీద అనుమానం వస్తే అమ్మినవాడితో విడిగా మాట్లాడుకోవాలి, అందరి ముందూ రాసి అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టకూడదు. ఈ మూడో నియమం రాసిన బాబాయెవరో గానీ, దొంగలకి గొడుగు పట్టాడు.

జుమియాతికి ఉన్నది డొక్కు స్కూటరు. అయినా ఫోరంలో ఆమెకి పెద్దపీట, పేరు హెల్మెట్ అక్క. దొంగ హెల్మెట్లు బజార్లో ఎక్కువయ్యాయని మూడేళ్ళ కిందట అందరూ గోల పెడితే, అసలుదీ నకిలీదీ ఎలా పోల్చుకోవాలో ఆమె ఒక పోస్టు రాసింది. నాలుగు వందల మంది దండాలు పెట్టారు. అడ్మిన్ దనాంగ్ దాన్ని అమ్మకాల పేజీ నెత్తిన అతికించాడు. అప్పట్నించి హెల్మెట్ అమ్మేవాడు ఎవడైనా ఆమె చెప్పిన చోట ఫోటో తీసి పెట్టాల్సిందే.

ఆ బుధవారం మధ్యాహ్నం వెనింగ్ తన హెల్మెట్ తెచ్చి బల్ల మీద పెట్టింది. వెనింగ్ జుమియాతి అక్క కూతురు, కొండ మీది ఆరోగ్య కేంద్రంలో మంత్రసాని ఉద్యోగం, ఉండేది పిన్ని ఇంట్లోనే. రోజూ పొద్దున్నే స్కూటరు మీద ఆ వంకర దారంతా ఎక్కి వెళ్ళి సాయంత్రం వానలో దిగి వస్తుంది.

"పిన్నీ, నీ ఇంట్లో ఉంటూ నేనే కంపు కొట్టే హెల్మెట్ పెట్టుకు తిరుగుతున్నా. పేషెంట్లు ముక్కు మూసుకుంటున్నారు."

"నొప్పులు పడేవాళ్ళకి నీ తల వాసన మీద ధ్యాస ఉంటుందా?"

"నిన్న ఒకావిడకి ఉంది. ముందు తల కడుక్కుని రమ్మంది."

జుమియాతి నవ్వుతూనే ఎడమ చెంప మెత్త లాగింది. వెనక్కి తిప్పింది. నవ్వు ఆగిపోయింది.

మెత్త వెనక ఆకుపచ్చ దారం. అడ్డంగా ఏడు కుట్లు, చివర రెండు ముడులు.

ఈ హెల్మెట్ ఎప్పుడూ ఆమె కుట్టలేదు. ఇది రెండు నెలల కిందట కొన్న కొత్త హెల్మెట్. జపాన్ సరుకు, షోరూంలో అద్దాల వెనక పెట్టింది, అట్టపెట్టె నలిగిందని తక్కువకి ఇస్తున్నానని ఫోరంలో ప్రాస్తోవో బాబాయ్ అమ్మాడు. వెనింగ్ ఆలోచిస్తుంటే, "బజార్లో కొని మోసపోకు, ప్రాస్తోవో దగ్గరే కొను, అతను మనవాడు" అని తోసింది జుమియాతే. లేబుల్ ఒక్కటే దగ్గరగా తీసిన ఫోటో కూడా తనే చూసి బాగుందంది.

ఆ ఏడు కుట్లు ఎక్కడ వేసిందో ఆమెకి గుర్తొచ్చింది. ముంతిలాన్‌లో చేపలు అమ్మే సుతార్నో అనే అతను నిరుడు రోడ్డు మలుపులో లారీ కింద పడి చనిపోయాడు. అతని భార్య ఆ హెల్మెట్ తెచ్చి కడగమంది. కడిగి ఇస్తే చేత్తో ముట్టుకోలేకపోయింది, మీరే ఉంచుకోండని వెళ్ళిపోయింది. పగిలిన డొప్పని జుమియాతి పారేసింది. ఎడమ మెత్త వెనక మరక ఎన్నిసార్లు ఉతికినా పోలేదు, ఆ మరక మీదే చిరుగు ఉంటే అడ్డంగా ఏడు కుట్లు వేసింది. ఆ మెత్తే రెండు నెలలుగా వెనింగ్ చెంపకి ఆనుకుని ఉంది.

ఆమె మిగతా మెత్తలన్నీ పీకేసింది. లోపల థర్మోకోల్. అసలు హెల్మెట్‌లో అది నల్లగా, చెక్కలా ఉంటుంది, ఎంత నొక్కినా గోటి గుర్తు కూడా పడదు. ఇందులో తెల్లగా ఉంది, టీవీ కొన్నప్పుడు పెట్టెలో వచ్చే సరుకు. బొటనవేలు పెట్టి నొక్కితే కసుక్కున గోరు దాకా దిగిపోయింది.

"ఏమైంది పిన్నీ?" అంది వెనింగ్.

"నువ్వు రెండు నెలలుగా నెత్తిన ఐస్ పెట్టె పెట్టుకుని కొండ ఎక్కుతున్నావు."

చెప్పి, కింద కూర్చుంది. అది భయం అనుకుంది వెనింగ్. భయం కాదు. కోపం వస్తే జుమియాతి ముందు కింద కూర్చుంటుంది, తిట్లు తర్వాత.

మర్నాడు పొద్దున్నే ప్రాస్తోవోకి ఫోన్ చేసింది. ప్రాస్తోవో అంటే ఫోరంలో పెద్ద తలకాయ. నెరిసిన గడ్డం, మూడు మోటారుసైకిళ్ళు, ప్రతి రైడులో ముందుండేది అతనే. ఎవరికి దెబ్బ తగిలినా ఆస్పత్రికి పళ్ళు పట్టుకుని మొదట వెళ్ళేదీ అతనే. గొంతులో పంచదార కలుపుకుని మాట్లాడతాడు.

"అక్కా, ఇంత పొద్దున్నే మీ గొంతు వినబడిందంటే నాకివాళ మంచిరోజు."

"బాబాయ్, మా పిల్లకి మీరమ్మిన హెల్మెట్ నకిలీది."

"అయ్యో. లేబుల్ చూశారుగా మీరే."

"లేబుల్ అసలుదే. మెత్త కూడా అసలుదే. మిగతాది చెత్త. ఎక్కడ తెచ్చారు?"

"ఎక్కడో అక్కడ తెస్తాం కదక్కా. నేనేమైనా చెట్టుకి కాయించానా?"

"ఎంతమందికి అమ్మారు?"

"అమ్మానని అనకండి. మనవాళ్ళకి సాయం చేశాను." గొంతులో ఇంకో చెంచా పంచదార వేశాడు. "చూడండి, మూడో నియమం మీకూ తెలుసు. అనుమానం వస్తే విడిగా మాట్లాడాలి. మీరు విడిగా మాట్లాడారు, నేను విడిగా విన్నాను. ఇంతటితో అయిపోయింది."

"ఏం అయిపోయింది? ఎల్లుండి కాక ఆవలెల్లుండి రైడులో అందరూ దియెంగ్ కొండ ఎక్కుతున్నారు. ఆ దారిలో ఎవడైనా పడితే?"

"పడతాడని మీరెందుకు కోరుకుంటారు?" ఇంకా పంచదారే. "ఇంకో మాటక్కా. ఆ మెత్తల వెనక ఆకుపచ్చ దారంతో ఎవరో కుట్టారట. మాగెలాంగ్‌లో ఆకుపచ్చ దారంతో కుట్టేది ఎవరో నాకు తెలీదు. తెలియని సంగతి ఫోరంలో నేనెందుకు మాట్లాడతాను? మీరు మాట్లాడితే మాత్రం అందరూ అడుగుతారు."

ఫోన్ పెట్టేశాక ఆమెకి వెలిగింది. కుట్టు సంగతి తను చెప్పలేదు. అంటే వాడికి అన్నీ తెలుసు. చచ్చిపోయినవాడి మెత్తలని తెలిసి మరీ బతికున్నవాళ్ళకి అమ్మాడు, అమ్మి, పైగా ఆస్పత్రికి పళ్ళు పట్టుకెళ్ళే మొహం పెట్టుకుని తిరుగుతున్నాడు. ఆమె తిట్టిన తిట్లు టైర్ల కొట్టువాడు విని షట్టరు సగం దించుకున్నాడు.

తిట్టడం అయ్యాక ఫోరంలో రాసింది. ప్రాస్తోవో అమ్మిన హెల్మెట్లు నకిలీవని, లోపల థర్మోకోల్ నొక్కి చూసుకోమని, ఎవరూ వాటితో దియెంగ్ వెళ్ళొద్దని. ఒక సంగతి మాత్రం రాయలేదు. ఆకుపచ్చ దారం ఊసెత్తలేదు. వేలు ఆ అక్షరాల దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. అది సిగ్గు. ఆ రోజు ఇంకెవరి మీద కోపం వచ్చినా, రాత్రికి అన్నం ముందు కూర్చున్నాక ఆ వేలి మీదే ఎక్కువ వచ్చింది.

పోస్టు ఇరవై నిమిషాలు కూడా లేదు. మాయమైపోయింది. వెంటనే దనాంగ్ ఫోన్.

"అక్కా, మీరు రాసింది చదివి తీసేశాను."

"చదివి తీసేశావా, తీసేసి చదివావా?"

"అక్కా, ప్లీజ్. పేరు పెట్టి రాశారు. ఆయన పరువు నష్టం కేసు వేస్తే మీతో పాటు నన్నూ లాగుతారు. నాకు చిన్న పిల్లలు. రుజువు లేకుండా ఎలా?"

"రుజువు మీ నెత్తి మీదే ఉంది. నువ్వు కూడా వాడి దగ్గరే కొన్నావు కదా, నొక్కి చూసుకో."

"మెత్త విప్పితే వారంటీ పోతుందని బాబాయ్ చెప్పారు."

ఈ మగవాళ్ళు చిన్న మర ఊడినా ఇంజనంతా విప్పేసి వరండాలో పరుచుకుంటారు. నెత్తి మీద పెట్టుకునేది మాత్రం ఒకడు వద్దన్నాడని విప్పలేదు.

"రైడ్ అయ్యాక అందరం కూర్చుని మాట్లాడదాం, అక్కా."

"అప్పటికి అందరికీ నోళ్ళు ఉంటే."

శుక్రవారం పైమిన్ వచ్చాడు. పైమిన్ పాత సామాను ఏరుకునే ముసలాయన, తోపుడు బండి, బండికి కట్టిన చిన్న గంట. జనం కొత్త మెత్తలు వేయించుకుని పాతవి ఆమె దగ్గరే వదిలేసి పోతారు. వాటినీ, విరిగిన హెల్మెట్ల మెత్తలనీ మూడేళ్ళుగా ఆమె పైమిన్‌కి ఊరికే ఇస్తోంది. బీదవాళ్ళ పాత హెల్మెట్లలోకి పనికొస్తాయని అతను మొదట్లో అన్నాడు. అది విని జుమియాతి వాటిని ఉతికి, చిరుగులు కూడా కుట్టి ఇచ్చేది.

"పెద్దనాన్నా, నేనిచ్చే మెత్తలు ఎవరికిస్తున్నావు?"

"ఆ గడ్డమాయనకే. ప్రాస్తోవో. గోడౌన్‌కి పట్టుకెళ్తే ఒక్కటి వదలకుండా తీసుకుంటాడు. ఎందుకమ్మా?"

"బీదవాళ్ళకన్నావు."

"మొదట్లో బీదవాళ్ళకే ఇచ్చాను. తర్వాత ఈయన ఎక్కువిస్తానన్నాడు. బీదవాణ్ణి నేను కానా?" మనసులో ఏమీ లేని మనిషి, నవ్వాడు. "మిగతా కొట్లవాళ్ళ మెత్తలు చూపిస్తే వద్దంటాడు. నీవైతే శుభ్రంగా ఉంటాయి, చిరుగులుండవు. కుట్టి ఇస్తావు కదా, అందుకే నీ సరుక్కి గిరాకీ."

ఆ ముసలాయన మీద అరిచి లాభం లేదు. మరి ఎవరి మీద అరవాలి? పైమిన్ గంట సందు చివరికి వెళ్ళిపోయాక ఆమె ఫోన్ తీసి, అమ్మకాల పేజీ నెత్తిన మూడేళ్ళుగా అతికించి ఉన్న తన పోస్టు తనే చదువుకుంది. అందులో ఇలా ఉంది: ఎడమ చెంప మెత్త లాగి వెనక కుట్టిన లేబుల్ చూడండి. మెత్త అసలుదైతే హెల్మెట్ అసలుదే.

ఆ రెండో వాక్యం ఎవరూ అడగలేదు. చదవడానికి బాగుంటుందని తనే కలిపింది. దొంగకి అసలుదిగా కనబడాల్సింది ఎంతో కొలిచి చెప్పింది తను, ఆ కొలతకి సరిపడా సరుకు ఉతికి కుట్టి పంపిందీ తనే. ప్రాస్తోవో చేసిందల్లా మధ్యలో టీవీ పెట్టె థర్మోకోల్ పెట్టడం. ఆమెకి తన చేతుల్ని చూస్తే అసహ్యం వేసింది.

శనివారం మధ్యాహ్నం వెనింగ్ బజార్లోంచి బియ్యపు ముద్దలు, వేయించిన సోయా ముక్కలు పల్లీ పులుసుతో కట్టించుకొచ్చింది. ఇద్దరూ దుకాణంలోనే బల్ల దగ్గర తిన్నారు.

"పిన్నీ, కోపం తెచ్చుకోకు. నువ్వు కొనమన్నావు కాబట్టి కొన్నాను."

"తెలుసు."

"తెలుసంటే సరిపోదు. మొన్న మంగళవారం దిగేటప్పుడు జారింది. పడలేదు గానీ. పడుంటే నువ్వు ఈ మెత్తని ఇంకోసారి ఉతికేదానివి."

జుమియాతి ముద్ద తిరిగి ఆకులో పెట్టింది. పిల్ల అన్నది నిజం. అంత నిజం అన్నం తినేటప్పుడు అనాలా అనిపించింది, ఆపైన ఇంకెప్పుడంటుంది అనిపించింది.

"ఏం చేస్తావు?" అంది వెనింగ్.

"విప్పుతాను."

"కుట్టు నీదని చెప్తావా?"

"చెప్పకపోతే వాడే చెప్తాడు. వాడు చెప్తే నేను దొంగనవుతాను."

"నువ్వు చెప్తే?"

"దుకాణం పోతుంది. ఎవరొస్తారు నా దగ్గరికి? ఉన్నదంతా నా మాట మీద నమ్మకమే." పులుసు గిన్నె పక్కకి నెట్టింది. "పోతే పోనీ. కాలర్లు కుట్టుకుని బతికినదాన్నే."

ఆ మధ్యాహ్నమే ఫోరంలో ఒక పోస్టు పెట్టింది. ఆదివారం పొద్దున రైడ్ బయల్దేరే ముందు, ఊరి మైదానంలో నీళ్ళ ట్యాంకు కింద, సంఘంవాళ్ళందరికీ హెల్మెట్ శుభ్రం ఉచితం, ఇరవై నిమిషాల పని, ఇట్లు మీ హెల్మెట్ అక్క. ఎవరి పేరూ లేదు, ఎవరి మీదా మాట లేదు. దాన్ని తీసెయ్యడానికి దనాంగ్‌కి నియమం ఏదీ దొరకలేదు. దొరక్కపోగా లైక్ కూడా కొట్టాడు. ప్రాస్తోవో కింద రాశాడు: అన్నదమ్ముల ప్రేమంటే ఇదీ, అక్క మనసు వెన్న. అక్క లొంగిపోయిందనుకున్నాడు పాపం. వెన్న అట.

ఆదివారం ఆరున్నరకి మైదానం నిండిపోయింది. ముప్పై నాలుగు బండ్లు, ముప్పై నాలుగు హెల్మెట్లు. ఊరికే వస్తుందంటే మా సంఘంవాళ్ళు పెళ్ళి భోజనానికంటే ముందు వరసలో నిలబడతారు. జుమియాతి రెండు బల్లలు వేయించింది. వెనింగ్ చీటీల మీద పేర్లు రాసి హెల్మెట్లకి అంటించింది. బకెట్ పక్కనే ఉంది. నీళ్ళు మాత్రం పొయ్యలేదు.

ఆమె ఒక్కొక్క హెల్మెట్ ఎడమ మెత్త లాగి, వెనక్కి తిప్పి చూసి, కొన్ని ఎడమ బల్ల మీదా కొన్ని కుడి బల్ల మీదా పెట్టుకుంటూ పోయింది. కుడి బల్ల మీద ప్రతి హెల్మెట్ ముందూ దాని మెత్త బోర్లా పెట్టింది. జనం అల్లం నీళ్ళు తాగుతూ జోకులేసుకుంటున్నారు.

"అక్కా, కడుగుతావా, పెళ్ళిచూపులు చూస్తావా?"

"మా బాబాయ్ హెల్మెట్‌లో పేలుంటే కుడివైపు పెడుతోందిరా."

కుడి బల్ల మీద పందొమ్మిది తేలాయి. అప్పుడు ఆమె చెయ్యి తుడుచుకుని నిలబడింది.

"ఈ బల్ల మీద ఉన్నవి ఎవరివో వాళ్ళు రండి. మీ హెల్మెట్‌లో, మెత్త ఉన్న చోట, బొటనవేలు పెట్టి నొక్కండి. మీ చేత్తో మీరే."

ముందు ఒక లారీ డ్రైవరు బాబాయ్ నవ్వుతూ వచ్చి నొక్కాడు. వేలు దిగింది. తీసి చూసుకున్నాడు, వేలికి తెల్లటి పూసలు అంటుకున్నాయి. మళ్ళీ ఇంకోచోట నొక్కాడు. మళ్ళీ దిగింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి నొక్కి, వేళ్ళు చూసుకుని, ఏం చెయ్యాలో తెలీక తమ హెల్మెట్ పక్కనే నిలబడిపోయారు. దనాంగ్ కూడా నిలబడ్డాడు. అతనిదాంట్లో వేలు కణుపు దాకా దిగింది.

"ఇప్పుడు మెత్తలు చూడండి," అంది జుమియాతి. "ఆకుపచ్చ దారం కనబడుతోందా? అది నాది. ఈ మెత్తలు నేను ఉతికి, కుట్టి, పాత సామానువాళ్ళకి ఇచ్చినవి. బీదవాళ్ళకి వెళ్తాయనుకున్నాను. ఎక్కడికి వెళ్తున్నాయో మూడేళ్ళలో ఒక్కసారి అడగలేదు. మెత్త అసలుదైతే హెల్మెట్ అసలుదే అని రాసిందీ నేనే. ఆ రాత తప్పు. మీరంతా దాన్ని నమ్మి కొన్నారు."

"ఈ మెత్తలు ఎవరివి?" ఎవరో అడిగారు.

"కొన్ని పారేసినవాళ్ళవి. కొన్ని పోయినవాళ్ళవి."

లారీ డ్రైవరు తన మెత్తని బల్ల మీదికి విసిరేశాడు. "నీ రాత చూసి మా అమ్మాయికి కూడా కొన్నాను. ఇవాళ పొద్దున అది పెట్టుకునే బజారుకెళ్ళింది." ఆమె మొహంలోకి మొహం పెట్టి అన్నాడు. "ఇంత తెలిసినదానివి, ఇంత తెలివితక్కువ పని ఎలా చేశావు?"

జుమియాతి ఆ మెత్తని తీసి మళ్ళీ బోర్లా పెట్టింది. "ముందు ఆ పిల్లకి ఫోన్ చెయ్యి, బాబాయ్. నన్ను తర్వాత తిట్టు." అతను పక్కకి వెళ్ళి ఫోన్ చేశాడు.

సరిగ్గా అప్పుడు ప్రాస్తోవో వచ్చాడు. రైడ్‌కి ముందుండేవాడు కదా, అందరికంటే చివర రావడం అతని అలవాటు. పెద్ద బండి ఆపి, హెల్మెట్ తియ్యకుండా అద్దం పైకెత్తి చూశాడు. పరిస్థితి అర్థమైంది.

"అక్కా, నా మీద ఇలా ప్రచారం చేస్తే నేను కోర్టుకి వెళ్ళాల్సొస్తుంది. బాధతో చెప్తున్నాను."

"మీ మీద ఏమన్నాను, బాబాయ్? మీ పేరెత్తానా? ఇంతమంది ఉన్నారు, అడగండి. కడగడానికి విప్పాను, అంతే. నా తప్పు ఒక్కటే చెప్పుకున్నాను." చెయ్యి చాచింది. "మీదీ ఇవ్వండి. అందరివీ కడుగుతున్నాను."

"నాది శుభ్రంగానే ఉంది."

"ఊరికేగా."

అతను కదల్లేదు. అప్పుడు దనాంగ్ ముందుకొచ్చాడు. బొటనవేలికి ఇంకా తెల్ల పూసలున్నాయి. మూడు రోజుల కిందట రుజువు కావాలన్న మనిషి, పరువు నష్టానికి భయపడ్డ మనిషి. గొంతు పెద్దగా లేదు గానీ, ఆగలేదు. "ఇవ్వండి బాబాయ్. నేనూ ఇచ్చాను."

ఇవ్వక తప్పలేదు. జుమియాతి మెత్త లాగింది. వెనక కంపెనీ కుట్టు తప్ప ఇంకో దారప్పోగు లేదు. లోపల నల్లగా, చెక్కలా గట్టిగా ఉంది. ఆమె నొక్కింది. దిగలేదు. లారీ డ్రైవరుకిచ్చింది, అతను నొక్కాడు, దిగలేదు. అతను దనాంగ్‌కిచ్చాడు. అలా ఆ హెల్మెట్ పందొమ్మిది మంది చేతుల్లోంచి వెళ్ళింది. ఎవరి వేలూ దిగలేదు.

చివరికి అది వెనింగ్ దగ్గరికి వచ్చింది. ఎనిమిదింటికి ఆమెకి కొండ మీద డ్యూటీ. మెత్త బిగించి, నెత్తిన పెట్టుకుని, పట్టీ లాక్కుంది. కొంచెం వదులైంది.

"సాయంత్రం తెచ్చిస్తా, బాబాయ్. రెండు పురుళ్ళున్నాయి, ఆలస్యమైతే ఏమనుకోకండి," అని స్కూటరెక్కి వెళ్ళిపోయింది.

ప్రాస్తోవో అడ్డం పోదామని ఒక అడుగు వేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు చూసి ఆగిపోయాడు. మైదానం మలుపులో పోలీసు చౌకీ ఉంది. బోడినెత్తితో బండెక్కినవాణ్ణి ఎంత పెద్దమనిషైనా ఆపుతారు.

జుమియాతి బల్ల కింద ఉంచిన వెనింగ్ హెల్మెట్ తీసింది. సుతార్నో మెత్తని విడిగా తీసి సంచిలో పెట్టుకుంది. దాన్ని అతని భార్యకి తిరిగిచ్చి, ఎక్కడ దొరికిందో చెప్పాలి. పట్టీ సరిచేసి హెల్మెట్‌ని ప్రాస్తోవో చేతిలో పెట్టింది.

"ఇదిగో, జపాన్‌ది. మీరే అమ్మారు. పెట్టుకుని ఇంటికి వెళ్ళండి."

అతను దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. తిప్పి లోపలికి చూశాడు. బుధవారం ఆమె వేలు దిగిన గుంట అలాగే ఉంది. ముప్పై నాలుగు మంది అతని తల వంకే చూస్తున్నారు. ఇల్లు ఎంతో దూరం లేదు. మైలు కూడా ఉండదు. పెట్టుకుని మెల్లిగా పోతే ఏమవుతుంది? పడతాడని ఎందుకు కోరుకుంటారని వాడే కదా అన్నది.

పెట్టుకోలేదు. హ్యాండిల్‌కి తగిలించాడు. స్టాండు తీసి, ఆ బరువు బండిని తోసుకుంటూ మైదానం దాటి ఎత్తు రోడ్డు మీదికి తిరిగాడు. చొక్కా వీపున తడిసింది. ఒకచోట బండి ఒరిగితే ఆపుకోలేక మోకాలు ఆనించి నిలబెట్టుకున్నాడు, వెనక్కి తిరిగి సంఘం వైపు చూశాడు.

బండి తోసుకునేవాడికి చెయ్యి వెయ్యకుండా పోకూడదన్నది మొదటి నియమం. అందరికీ తెలుసు. జుమియాతి కత్తెర తీసుకుని ఆకుపచ్చ కుట్లున్న మెత్తల్ని ఒక్కొక్కటే అడ్డంగా రెండు ముక్కలు చేస్తూ కూర్చుంది. దనాంగ్ వచ్చి పక్కన కూర్చుని ముక్కలు గోనెలో వేశాడు. సంఘంలో ఒక్కరూ ఆ బండి వైపు కదల్లేదు.